కొలువు మానిన కొడుకు, కౌలుదారుని చేను

సంక్రాంతి పండుగలు కడచిన వారమున రేపల్లె ప్రాంతమునుండి యొక గృహస్థుడు వ్రాసిన జాబు మాకు చేరినది. వారి కుమారునికి 38 ఏండ్లు. హైదరాబాదులో నొక సాఫ్టువేరు కంపెనీలో 14 సంవత్సరములుగా కొలువు చేయుచున్నాడు. జీతము పెద్దది. భార్య చదువుకొన్నది. ఒక్కతే కూతురు. పండుగకు వచ్చిన యా కుమారుడు కనుమనాడు భోజనములైన పిమ్మట, "నాన్నగారూ, కొలువు మానుకొనుచున్నాను. ఇక ఇంటికి వచ్చి మన పొలము నేనే చేసికొందును. ఒకరిక్రింద పని చేయుట యిక నావలన కాదు" అని చెప్పినాడట. తండ్రిగారు ఆ రాత్రి నిద్రపోలేదు. "వీని చదువునకై రెండెకరములు అమ్మితిమి. ఆ పొలము పోయినది. ఇప్పుడు ఉద్యోగమును పోవుచున్నది. మేమేమి చెప్పవలెనో మీరు పత్రికాముఖమున తెలుపుడు" అని వారి కోరిక. జాబు చివర, సంతకమునకు పైని, ఇంకొక వాక్యమున్నది: "కౌలుదారునికి మాత్రము ఉగాదికి చేను వదలవలసియుండునని ముందుగానే చెప్పియుంచితిమి."

వారు ప్రశ్నగా అడిగినది మొదటి సంగతి. మా మనస్సును పట్టుకొన్నది ఆ చివరి వాక్యము. ప్రశ్నకు సమాధానము చెప్పిన పిదప ఆ వాక్యమునొద్దకు వత్తుము.

ఇట్టి జాబు మాకిది మొదటిది కాదు. 2020లో కరోనా ప్రబలి, కంపెనీలు ఇండ్లనుండియే పని చేయుమన్నపుడు, తెనాలిలోను, బాపట్లలోను, రేపల్లె చుట్టుపట్టుల పల్లెలలోను మేడమీది గదులు కచ్చేరీలైనవి. పదేండ్లు పదునైదేండ్లు పండుగలకు మాత్రమే వచ్చిపోయిన బిడ్డలు తల్లి చేతి యన్నము తినుచు, సాయంకాలము కాలువగట్టున నడచుచు, నెలలకొలదిగా ఇంటిపట్టున నుండిరి. పిదప కంపెనీలు మరల రమ్మని పిలిచినవి. పోయినవారిలో కొందఱి మనస్సులు ఇచ్చటనే నిలిచిపోయినవి. ఇప్పుడు వారు తండ్రులతో మాటలాడ మొదలుపెట్టినారు.

ఇందొక వింత కలదు. ప్రథమాంధ్ర మహాసభ 1913లో బాపట్లలోనే సమావేశమైనది. ఆ యుద్యమమును పురికొల్పిన కష్టములలో నొకటి, చెన్నపురి రాజధానిలో ఆంధ్రులకు సర్కారు కొలువులు చాలినన్ని దక్కుటలేదనునది. నాటి తండ్రులు కొడుకులకు కొలువు కావలెనని సభలు చేసిరి. ఆ కోరిక తరువాతి తరములలో తగ్గలేదు, పెరిగినది. ఆనకట్టక్రింది బంగారమువంటి మాగాణి నమ్మి, కొడుకును ఇంజనీరును చేయుట డెల్టాలో ఇంటింటి వ్రతమైనది. బాపట్లలోనే 1981లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. తరువాత గుంటూరు చుట్టును ఎన్నియో వెలసినవి. నూఱేండ్లు దాటినపిమ్మట, కష్టపడి సంపాదించిన యా కొలువును కొడుకు తానుగా విడిచి వత్తుననుచున్నాడు. తండ్రికి నిద్ర పట్టకపోవుట వింత గాదు.

తండ్రులు దీనిని సోమరితనమందురు. మేమట్లనుకొనము. నాటి కచ్చేరీలో గుమాస్తాకు పైయధికారి కంటికి కనబడువాడు. కోపమైనను దయయైనను ముఖమున తెలిసెడిది. నేటి కంపెనీలో యజమాని యెవ్వడో పనివానికి తెలియదు. అమెరికాలో పగలగుటచే ఇచ్చట రాత్రి పదిగంటలకు సమావేశము. ఏడాది కష్టమునకు చివర నొక అంకె వేయుదురు. ఆ అంకె వేసినవాడును పైవాడు చెప్పినట్లు వేసినవాడే. ఒకనాటి యుదయమున ఒక యుత్తరముతో వందలకొలది జనుల కొలువు ఊడుట యీ యేండ్లలో పలుమాఱు చూచినాము. పదునాలుగేండ్లు చేసిన పనిలో ఇది నేను చేసితినని చేతితో చూపదగిన వస్తువొక్కటియు లేదని యా కుమారుడు తండ్రితో ననెనట. ఇది సోమరి మాట గాదు. పని చేయగోరువాని మాట.

మేమును పూర్వాశ్రమమున నొక కచ్చేరీలో ఆఱేండ్లు పని చేసి మానినవారమే. దాని పేరు అప్రస్తుతము. మానిన మొదటి మాసము ప్రతిదినము ఆదివారమువలె నుండెను. రెండవ మాసమున ఒకటవ తేదీ వచ్చినది. దానితో జీతము రాలేదు. ఒకటవ తేదీ యనునది జీతగానికి పండుగ. స్వతంత్రునికి అది పాలవాని బాకీ, బియ్యపు బాకీ, బడి రుసుము గుర్తుచేయు దినము మాత్రమే. ఈ చిన్న సంగతి మాకు ముందుగా నెవ్వరును చెప్పలేదు. అందుచే ఇచ్చట చెప్పుచున్నాము.

కొలువు విడిచినవారు మన ప్రాంతమునకు క్రొత్తవారు కారు. రేపల్లె సమీపమున కూచినపూడిలోను, పిదప గుంటూరులోను చదివిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు బాపట్ల తాలూకా కచ్చేరీలో కొంతకాలము కొలువు చేసిరి. అందు తృప్తి లేక, మిత్రులు నడింపల్లి నరసింహారావుగారి తోడ్పాటుతో ఎడింబరో పోయి ఎం.ఏ. చదివి వచ్చిరి. తిరిగి వచ్చినపిమ్మట చేసిన యుపాధ్యాయ వృత్తియు వారిని నిలుపలేదు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నులు చెల్లింపమని యూరు విడిచి రామనగరున కాపురముండిన నెలలలో వారికి నాయకుడై నిలిచినది ఆ మాజీ గుమాస్తాయే. రామదండు స్థాపకుడని ఆంధ్రదేశమంతయు నెఱుగును. కాని 1928లో, నలువదియేండ్లు నిండకముందే, క్షయవ్యాధితో, పేదరికములో, ఆయన మరణించిరన్న సంగతి తలచువారు తక్కువ. స్వతంత్రజీవనమును పొగడు సభలలో ఈ రెండవ భాగమును చెప్పరు. జాబు వ్రాసిన తండ్రిగారు దీనిని మఱవకుందురుగాక యని ముందుగా వ్రాసితిమి, భయపెట్టుటకు గాదు.

దీనికి ప్రక్కన కాశీనాథుని నాగేశ్వరరావుగారిని చూడవలెను. ఆయన 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రులో జన్మించిరి. చెన్నపురిలో చదివి, కలకత్తాలో మందుల వ్యాపారమున పని నేర్చి, బొంబాయిలో నొక తెల్లవారి కంపెనీలో ఉద్యోగము చేసిరి. 1893లో అమృతాంజనమును తయారుచేసి అమ్మకమునకు పెట్టిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టి జనులకు అలవాటు చేసిరని ప్రసిద్ధి. ఆ చిన్న సీసాల లాభమే 1908లో బొంబాయిలో వారపత్రికగాను, 1914లో చెన్నపురిలో దినపత్రికగాను ఆంధ్రపత్రికయైనది. ఇందు మేము గమనించునది యొకటి. ఆయన కొలువు విడుచునాటికి మందు తయారగుట చూచినవారు, లెక్కలు వ్రాయుట నేర్చినవారు, బొంబాయి బజారులో కొనువాడెవ్వడో ఎఱిగినవారు. వ్యాపారమును యజమాని ఖర్చుమీద నేర్చికొని, పిమ్మట తన ఖర్చుమీద పెట్టిరి. గోపాలకృష్ణయ్యగారు తేజస్సుతో పోయిరి, నాగేశ్వరరావుగారు లెక్కతో పోయిరి. గృహస్థునకు రెండవ త్రోవయే తగును.

నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య రంగాగారు చెన్నపురి పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రము చెప్పు కొలువు విడిచి 1930 ప్రాంతమున ఉద్యమములో ప్రవేశించి, స్వగ్రామముననే రైతులకై విద్యాలయము పెట్టిరి. బాపట్ల వ్యవసాయ కళాశాల నేడు ఆయన పేరిటి విశ్వవిద్యాలయములోనిదే. అట్లని కొలువంతయు దాస్యమని మేమనజాలము. తెనాలి బిడ్డలిద్దఱి సంగతి చూడుడు. ఐతానగరపు చక్రపాణిగారు 1947లో నాగిరెడ్డిగారితో కలిసి చందమామ పెట్టినవారు. అదే తెనాలివారైన కొడవటిగంటి కుటుంబరావుగారు ఎన్నియో యుద్యోగములు మాఱి, 1952లో ఆ చందమామలోనే కొలువున చేరి, 1980లో మరణించు వఱకు అందే పని చేసిరి. పత్రిక యజమానులది, ఆయన కలము ఆయనదే. జీతము తీసికొనుచునే తన పనికి తానే యజమానియైనవాడాయన. కనుక, కుమారుని మేము మొదట అడుగదలచిన ప్రశ్న ఇది: నాయనా, నీకు కావలసినది యజమాని లేకుండుటయా, నీదని చెప్పుకొనదగిన పని యుండుటయా? మొదటిదైనచో పొలమునను యజమాని కలడు. మేఘుడాయన పేరు.

ఆ మేఘుని సంగతియు, పొలము లెక్కయు చెప్పెదము. వారికి ఆఱెకరముల మాగాణి కలదు. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండుననుకొందము. ఆఱెకరములకు 180 బస్తాలు, అనగా 135 క్వింటాళ్ళు. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము సాధారణ రకమునకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మొత్తము 3,19,815 రూపాయలు. ఇది రాబడి మాత్రమే. దమ్ము, నారు, నాట్లు, ఎరువు, పురుగుమందు, కలుపు, కోతయంత్రపు బాడుగ ఇందులోనుండియే పోవలెను. వరి తరువాతి మినుము కలిసివచ్చిన కొంత మిగులును. ఆఱెకరముల ఏటి పంటయంతయు ఆ కుమారుని రెండు మూడు నెలల జీతమునకు సరిపోవును. ఇది తండ్రికి తెలియును. కొడుకునకు అంకెలతో నెవ్వరును చెప్పియుండరు.

ఈ లెక్కయైనను మేఘుడు పలికినప్పటి లెక్క. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మఱచిన యిల్లు రేపల్లె తీరమున లేదు. అంత దూరము పోనక్కరలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లయొద్దనే తీరము దాటినది. వరి కోతల దినములవి. కుప్పలు నీటిలో నానినవి. కల్లములలో పోసిన ధాన్యము మొలకెత్తినది. మఱుసటి యేడు సెప్టెంబరు 2న ప్రకాశం బరాజు వద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పరుగెత్తినది. కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు మండలముల లంకలలో అరటి, పసుపు, కంద తోటలు మునిగినవి. ఈ రెండు దెబ్బలకు నడుమ నున్న కాలము పదిమాసములకంటె తక్కువ.

ఇక ఆ దెబ్బలు తినినదెవ్వరని అడిగినచో ఆ చివరి వాక్యమునొద్దకు వచ్చుచున్నాము. పొలము ఎవరిదైనను, దెబ్బ చాలవఱకు కౌలుదారునిది. డెల్టాలో భూమిగలవారిలో ననేకులు పట్టణములలో నున్నారు; దున్నువారిలో ననేకులకు భూమి లేదు. మక్తా ముందుగా నిర్ణయమై యుండును. పండినను పండకున్నను దానిని కొలువవలెను. నష్టపరిహారము భూమి పట్టా ఎవరి పేర నున్నదో వారి ఖాతాలో పడిన కథలు మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. వారిలో కొందఱి ఖాతాలలోనే పడినది.

ప్రభుత్వము ఊరకుండలేదు. 2011లో నొక చట్టము చేసి కౌలుదారులకు ఋణార్హత కార్డులిచ్చిరి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము చేసిరి. దాని ప్రకారము యజమానియు కౌలుదారుడును 11 నెలల కాలమునకు ఒప్పంద పత్రముపై సంతకములు చేసినచో, కౌలుదారునకు కార్డు వచ్చును. దానితో పంటఋణము, బీమా, పరిహారము అడుగు హక్కు కలుగును. భూమిపై యజమాని హక్కునకు ఏ లోపమును రాదు. ఇంత స్పష్టముగా వ్రాసినను సంతకము చేయుటకు యజమానులు జంకిరి. కాగితమునకు భయము, కాగితము లేకున్న ఎప్పుడైనను చేను వదలుమనవచ్చుననెడి సౌకర్యము. ఆ సౌకర్యమునే మన జాబురాయుడు ఒక్క వాక్యములో నుపయోగించుకొన్నారు.

జాబు చదివిన పిదప మాకు కూర్చుండ మనసొప్పలేదు. తెనాలిలో రేపల్లె బండి యెక్కి పోయితిమి. వేమూరు, భట్టిప్రోలు దాటునంతవఱకు ఇరుప్రక్కల వరికోసిన మళ్ళలో మినుము పచ్చగా పఱచుకొని యున్నది. గృహస్థుగారు ఆదరముతో చేను చూపించుటకు తీసికొనిపోయిరి. గట్టుమీద కౌలుదారుడు నిలిచియుండెను. అతడా చేనిని 19 ఏండ్లుగా చేయుచున్నాడు. కుమారుడు కంపెనీలో చేరుటకు ముందు, ఆతడింకను చదువుకొనుచున్నపుడే, ఇతడు చేనిలో చేరినాడు. ఆ మాట తండ్రిగారికి అదివఱకు తోచలేదట. లెక్కవేసి చెప్పగా ఆశ్చర్యపడిరి.

మేము పలుకరింపగా కౌలుదారుడు చాల సేపు మాటలాడలేదు. పిమ్మట, "అబ్బాయిగారు వస్తే మంచిదేనండి. పొలం వారిది. నేర్చుకోవాలంటే ఒక సార్వా నా పక్కన నిలబడితే చాలు, అన్నీ చెబుతాను. చేను తీసేస్తే మాత్రం నాకు ఇంకో చేను దొరకదు బాబుగారూ. నా ఈడోడికి కొత్తగా ఎవరిస్తారు?" అనెను. అతనికి యేబదియైదేండ్లుండును. పందొమ్మిదేండ్లలో మక్తా తప్పినది ఒక్క యేడు. అది తుపాను యేడు. ఆ బాకీని రెండు వాయిదాలలో తీర్చినాడని గృహస్థుగారే చెప్పిరి.

ఒక యింటిలో నొక్కని స్వాతంత్ర్యము పుట్టుచుండగా మఱియొక యింటిలో నొక్కని జీవనము పోవుచున్నది. ఆ కుమారుడు తన కంపెనీ ఒకనాటి యుత్తరముతో జనులను పంపివేయుచున్నదని రోసి వచ్చుచున్నవాడు. ఉగాదికి చేను వదలుమను మాట కౌలుదారునికి అట్టి యుత్తరమే. దీనిని మేము కుమారునితోనే టెలిఫోనులో అంటిమి. అతడు కొంత సేపు మాటలాడక, "నాన్నగారు అలా చెప్పినట్టు నాకు తెలియదండీ" అనెను. అతని గొంతులో అబద్ధము మాకు వినబడలేదు.

మఱి వచ్చినవాడేమి చేయవలెనని అడుగవచ్చును. మన డెల్టాలో పండించువారికి కొఱత లేదు. పండినదానికిని కొనువానికిని నడుమ చేయవలసిన పనులకు చేతులు తక్కువ. తెనాలికి నిమ్మకాయల యార్డు కలదు; దుగ్గిరాలకు పసుపు యార్డు కలదు. కాయగాను కొమ్ముగాను రైతు అమ్మినది పచ్చడిగాను పొడిగాను మారి, ఎవ్వని పేరుతోనో మన అంగళ్ళకే తిరిగి వచ్చుచున్నది. ఈ సంగతి అందఱును చెప్పునదే, దీనిని విస్తరింపము. ధాన్యము సంగతి మాత్రము కొంత చెప్పవలెను.

దక్షిణదేశమంతట సన్నబియ్యమని యాసపడి తిను సాంబమసూరి మన బాపట్ల పరిశోధనక్షేత్రమున పుట్టినది. బి.పి.టి. 5204 అను దాని సంఖ్యలో బాపట్ల పేరే దాగియున్నది. 1986లో విడుదలయైనది. పైరు నూటనలువదియైదు దినములు దాటి నిలుచును. అందుచే కోత వచ్చునప్పటికి తుపానుల కాలమును వచ్చును. వెనుకటి దినములలో కోసిన పనలు చేనిలో ఆరి, కుప్పపడి, సంక్రాంతికి నూర్పిడియై, ధాన్యము ఎండియే యింటికి చేరెడిది. నేడు కోతయంత్రము ఒక్క గడియలో కోసి నూర్చి పచ్చిధాన్యమును కుప్ప పోయుచున్నది. దానిలో తేమ నూటికి ఇరువది దాటియుండుట సామాన్యము. ప్రభుత్వపు కొనుగోలు కేంద్రములో 17 దాటకూడదు. కనుక డిసెంబరు మాసములో మన రోడ్లన్నియు కల్లములగుచున్నవి. పట్టాలు కప్పుట, తీయుట, మబ్బు చూచుట, మరల కప్పుట. ఈ నడుమ దళారి వచ్చి, తేమ యున్నదని బస్తాకు కొంత తఱుగు చెప్పి, అప్పటికప్పుడు ఎత్తుకొని పోవును. ఎండబెట్టుటకు స్థలమును దినములును లేని కౌలుదారుడు ఒప్పుకొనును. ఏడాది కష్టములో లాభమనునది సరిగా ఆ తఱుగులో పోవుచున్నది.

ఊరికొక ధాన్యము ఆరబెట్టు యంత్రమును, దానిప్రక్క పది దినములు సరకు నిలుపుటకు పొడి కొట్టమును ఉన్నచో ఈ నష్టములో కొంతయైనను నిలుచును. బస్తాకింతయని కూలి తీసికొని ఆరబెట్టి యిచ్చుట యొక వృత్తి. తేమ చూచుట, తూకము వ్రాయుట, ఎవని సరకు ఎంతయని తప్పులేక లెక్క పెట్టుట, మిల్లువారికి ముందుగా చెప్పి బేరము కుదుర్చుట, ఇవి పదునాలుగేండ్లు లెక్కలతో పనిచేసినవానికి అలవడిన విద్యలే. వరికాలము ముగిసిన మొక్కజొన్నకును యంత్రము పనికివచ్చును. ఏడాదిలో కొన్ని నెలలు అది ఖాళీగా నుండును. ఆ నెలలలో పాత విద్యతోనే ఇంటినుండి కొంత పని తెచ్చుకొని చేయవచ్చును. అది నామోషీ గాదు. ఇందులో అతనికి కౌలుదారుడు తొలగవలసినవాడు గాడు, మొదటి ఖాతాదారుడు. చేను పోయిన కౌలుదారుడు యంత్రమునకు ధాన్యము తేలేడు గదా.

దీనిలోనను నష్టమున్నది. ధాన్యము బాగుగా ఎండ కాచిన యేడు యంత్రమునొద్దకు ఎవ్వరును రారు. ఇంధనపు ధర పెరిగిన కూలి పెంచవలెను. పెంచిన రైతు గొణగును. కనుక క్రొత్త యంత్రము కొనక మునుపు ఒక కోతకాలము బాడుగకు తెచ్చి నడపి చూడవలెనని మా యభిప్రాయము. కుమారుడు వెంటనే క్రొత్తది కొందుననెను. కంపెనీలవారికి వస్తువు కొనుటలో తొందర యెక్కువ.

ఈ మాటలన్నియు జరుగుచుండగా కోడలు హైదరాబాదునుండి టెలిఫోనులో వినుచుండెను. చివర ఆమె, "మామయ్యగారూ, నాకు రావడానికి అభ్యంతరం లేదు. మూడు సంగతులు మాత్రం ముందుగా తేలాలి" అనెను. పాప చదువు తెనాలిలోనా, బాపట్లలోనా? కంపెనీ కొలువుతో పాటు ఇంటిల్లిపాదికిని వచ్చుచున్న వైద్యబీమా ఆ దినమే ఆగిపోవును గదా, అత్తగారి గుండె మందులకు ఏమి యేర్పాటు? ప్రావిడెంటు ఫండును యంత్రమున పెట్టుదురా, పెట్టరా? మామగారు నిరుత్తరులైరి. మాకును ఆ ప్రశ్నలు తోచలేదని యొప్పుకొనుచున్నాము. రెండు గంటలు దేశచరిత్రయు ధాన్యపు తేమయు మాటలాడిన పురుషులలో నొక్కనికిని ఇంట్లో మందుల సంగతి గుర్తుకు రాలేదు.

ఆమె ప్రశ్నలతో వ్యవహారము ఒక రూపునకు వచ్చినది. కొలువు ఈ యేడు మానుటలేదు. ఏడాది బియ్యము, బడి రుసుము, స్వంతముగా కట్టవలసిన బీమా సొమ్ము విడిగా ప్రక్కన చేరువఱకు జీతము నడువవలెను. ఫండును ముట్టరాదు. వచ్చు సార్వాలో కుమారుడు సెలవులు కూడబెట్టుకొని నాట్లనాడును కోతలనాడును వచ్చి, కౌలుదారుని ప్రక్కన గట్టుమీద నిలిచి, ప్రతి బస్తా లెక్కయు తన చేతితో వ్రాసికొనును. కోతలకు యంత్రమును బాడుగకు తెచ్చును. ఆ పుస్తకము చూచిన పిదప రాజీనామా సంగతి. నాగేశ్వరరావుగారు బొంబాయిలో నేర్చినదానిని ఇతడు తన తండ్రి చేనిలో, తన కౌలుదారునొద్ద నేర్చును.

చేను మాట మిగిలినది. తండ్రిగారు ఉగాది మాటను వెనుకకు తీసికొందుననిరి. అది చాలదంటిమి. నోటితో వెనుకకు తీసినది నోటితో మరల చెప్పవచ్చును. కాగితముండవలెనంటిమి. వారు కొంత సేపు మా ముఖము చూచి, "ఇన్నేండ్లు కాగితము లేకయే నడచినది గదా" అనిరి. నడచినది మీకంటిమి. ఆ మాటకు వారు కినుక వహింపలేదు. లోపలికి పోయి, పూర్వము గ్రామ సచివాలయమునుండి తెచ్చి పెట్టెలో పడవైచిన యొప్పంద పత్రమును తెచ్చిరి. సర్వే సంఖ్య, ఎకరములు, కౌలుదారుని పేరు మా యెదుటనే నింపిరి. మక్తా అంకె దగ్గర మాత్రము కలము నిలిచినది. తుపాను వచ్చిన యేడు మక్తాలో ఎంత తగ్గింపు అని కౌలుదారుడు వాకిటనుండియే అడిగెను. పందొమ్మిదేండ్లలో అతడు అట్లు బేరమాడుట ఇదియే మొదటిసారియని గృహస్థుగారు పిమ్మట మాతో చెప్పిరి.

మా బండి వేళ యైనది. మేము లేచునప్పటికి వారిద్దఱు అరుగుమీద కూర్చుండి, సగమా మూడవవంతా యని మాటలాడుకొనుచుండిరి. పత్రము నడుమ నున్నది.